మనిషి చేతినీ ముఖాన్నీ అచ్చు తీసి ప్లాస్టర్ శిల్పంగా పోయడం: పని వరుస, జాగ్రత్తలు, మరమ్మతులు

చేతి అచ్చుకు ఏ పొడి కొనాలి, ముఖానికి పూస్తే ఊపిరి ఆడుతుందా, లోపల పోసిన ప్లాస్టర్ వేళ్ళు విరగకుండా బయటికి ఎలా వస్తుంది అని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా మొత్తం పనిని వరుసగా రాయడమే మేలు. ఇది విజయవాడ, గుంటూరు ఎండల్లో, ఇక్కడి నీళ్ళతో చేసేవారిని దృష్టిలో పెట్టుకొని రాసినది. నీళ్ళ సంగతి ఎందుకో మూడో భాగంలో తెలుస్తుంది.

ముందు రెండు మాటల అర్థం స్థిరం చేసుకుందాం. ఒంటి మీద నుంచి వచ్చే బోలు రూపం అచ్చు. ఆ అచ్చులో పోసి తీసేది పోత. చర్మానికి తగిలేది ఆల్జినేట్, అంటే పళ్ళ డాక్టర్లు దవడ కొలత తీయడానికి వాడే, సముద్రపు నాచు నుంచి తయారయ్యే పొడి. అది రబ్బరులా మెత్తగా గడ్డకడుతుంది, చర్మానికి అంటుకోదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పని ఆ తరువాతే మొదలవుతుంది.

ఈ వరుసను తిరగవేయకూడదు. చేతిని నేరుగా ప్లాస్టర్ బకెట్టులో ముంచడం ఎంత చిన్న పని కోసమైనా చేయరాదు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ముద్ద పెద్దదైతే ఆ వేడి 60 డిగ్రీల దాకా పోతుంది, అప్పటికి చెయ్యి బయటికి రాదు. 2007లో ఇంగ్లండులోని ఒక పాఠశాలలో చిత్రకళ తరగతిలో 16 ఏళ్ల విద్యార్థిని తన చేతుల శిల్పం కోసం ఇలాగే చేసి దాదాపు వేళ్ళన్నీ పోగొట్టుకుంది.

1. ఎవరి అచ్చు తీయవచ్చు, ఎవరిది తీయకూడదు

చేతి అచ్చు చాలామందికి తీయవచ్చు. చర్మం మీద పుండు, గజ్జి, మానని గాయం ఉంటే మానేదాకా ఆగాలి. ముఖం సంగతి వేరు. ఉబ్బసం, జలుబు, ముక్కు దిబ్బడ, మూర్ఛ ఉన్నవారికీ, లిఫ్టులో తలుపు మూసుకుంటేనే గుండె దడదడలాడేవారికీ ముఖం అచ్చు తీయకండి. పిల్లలకు చేతితోనే సరిపెట్టండి.

ముఖం తీయాలనుకునేవారు ముందు కనీసం మూడు చేతులు తీసి ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఆల్జినేట్ ఎప్పుడు జారుగా ఉంటుందో, ఎప్పుడు బిగుస్తుందో మీ వేళ్ళకు తెలిసిన తరువాతే ఇంకొకరి ముక్కు దగ్గరికి దాన్ని తీసుకువెళ్ళాలి.

2. సిద్ధం చేసుకోవలసిన సామాను

ఒక చేతికి కావలసినవి ఇవి:

- ఆల్జినేట్ పొడి, 450 గ్రాముల ప్యాకెట్ ఒకటి. పరీక్షల కోసం ఇంకొకటి
- ప్లాస్టర్ ఆఫ్ పారిస్, 2 కిలోలు
- కొలతలు గీసిన మగ్గు, వంటింటి తూకం, నీళ్ళలో పెట్టదగిన థర్మామీటర్
- మోచేతి కింది దాకా చెయ్యి పట్టే, పొడవాటి మెత్తని ప్లాస్టిక్ డబ్బా
- కవ్వం, లేదా డ్రిల్లుకు తగిలించే పెయింటు కలిపే కడ్డీ
- వ్యాసలీన్, పాత తువ్వాళ్ళు, ముక్కుకు మాస్కు
- సన్నటి అల్యూమినియం తీగ
- చేతులు, గిన్నెలు కడగడానికి విడిగా ఒక బకెట్టు నీళ్ళు

ముఖానికైతే వీటికి తోడు 15 సెంటీమీటర్ల వెడల్పున్న ప్లాస్టర్ బ్యాండేజీ చుట్టలు నాలుగు కావాలి. ఎముక విరిగితే కట్టు కట్టేవి ఇవే. విజయవాడ గవర్నరుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఆసుపత్రుల పక్కనున్న మందుల దుకాణాల్లో అడగండి. ఆల్జినేట్ మాత్రం పళ్ళ డాక్టర్లకు సరుకు వేసే దుకాణంలో దొరుకుతుంది; గడువు తేదీ చూసి తీసుకోండి.

ప్లాస్టర్ కొత్తదై ఉండాలి. వినాయక చవితికి తెచ్చి మిగిలిన, మూతి విప్పిన బస్తాలోది ఎవరైనా చవగ్గా ఇస్తామంటే వద్దనండి. వానాకాలం గాలిలోని చెమ్మ పీల్చుకున్న ప్లాస్టర్ గట్టిపడినట్లే కనబడి వేలితో గీస్తే రాలుతుంది. తెచ్చిన రోజే ఒక కప్పు కలిపి చూడండి. అరగంటలో గోరు దిగనంత గట్టిపడితే మంచిదే. మిగిలినది గాలి చొరని స్టీలు డబ్బాలో పెట్టండి.

3. నీళ్ళ పరీక్ష: దీన్ని దాటవేయకండి

ఆల్జినేట్ బిగిసే సమయాన్ని రెండు విషయాలు నిర్ణయిస్తాయి: నీటి వేడి, నీటిలోని సున్నం. పొడిలోని క్యాల్షియమే దాన్ని గడ్డకట్టిస్తుంది కాబట్టి, గిన్నెలకు తెల్లటి చార పట్టించే బోరు నీళ్ళు వాడితే ఇంకా త్వరగా బిగుస్తుంది. నీళ్ళు వేడిగా ఉంటే మరీ త్వరగా. ప్యాకెట్ మీద రాసిన నిమిషాలు సుమారు 23 డిగ్రీల నీటికి చెప్పినవి. వేసవిలో మన డాబా మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంతగా ఉంటాయి.

ఈ పాఠం నేను గుంటూరులో మా అమ్మమ్మ చేయి అచ్చు తీయబోయి నేర్చుకున్నాను. ఏప్రిల్ నెల, ఉదయం పదకొండు గంటలు, నేరుగా కుళాయి నీళ్ళు. కవ్వంతో కలుపుతుండగానే పిండి ముద్దలు ముద్దలుగా విడిపోయింది. అమ్మమ్మ చెయ్యి పెట్టేసరికి అడుగు భాగం అప్పటికే రబ్బరయింది. వేళ్ళు సగం దిగి ఆగిపోయాయి. "ఏరా, ఇదేనా నీ శిల్పం? జున్నులా ఉంది" అంది ఆవిడ. ప్యాకెట్టంతా పారేయవలసి వచ్చింది.

పరీక్ష ఇలా చేయండి. మూడు కప్పులు తీసుకోండి. ఒక్కొక్క దానిలో 60 మిల్లీలీటర్ల నీళ్ళు పోయండి: ఒకదానిలో కుళాయివి, రెండోదానిలో వాటర్ టిన్నువి, మూడోదానిలో అదే టిన్ను నీళ్ళు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచినవి. మూడింటి వేడీ రాసుకోండి. ఒక్కొక్క దానిలో 20 గ్రాముల పొడి వేసి వెంటనే కలుపుతూ, పొడి నీళ్ళను తాకిన క్షణం నుంచి, వేలు పెడితే అంటుకోని క్షణం దాకా ఫోనులో సమయం చూడండి. మా ఇంట్లో ఆ రోజు కుళాయి నీళ్ళతో నిమిషం పది సెకన్లు వచ్చింది, చల్లటి టిన్ను నీళ్ళతో నాలుగు నిమిషాలు దాటింది. తేడా అంత ఉంటుంది.

కలపడానికి ఒక నిమిషం, చేతికి పూసి దించడానికి ఒక నిమిషం, బుడగలు పోగొట్టడానికి అర నిమిషం వేసుకుంటే నాలుగు నిమిషాల వ్యవధి చేతికి సరిపోతుంది. ముఖానికి ఆరు నిమిషాలు కావాలి. దంతవైద్యుల పొడిలో త్వరగా బిగిసే రకమూ ఉంటుంది. మామూలుగా బిగిసే రకాన్నే అడిగి తెచ్చుకోండి. నీళ్ళు 18 డిగ్రీలకన్నా చల్లబరిస్తే సమయం ఇంకా వస్తుంది కానీ, ముఖం మీద ఆ చలికి మనిషి వణికితే అచ్చు చెడుతుంది.

4. డబ్బా కొలత, చేతి భంగిమ

పొడి ఎంత, ప్లాస్టర్ ఎంత అన్న లెక్కకు ఒక సులువైన దారి ఉంది. డబ్బాను బేసిన్‌లో పెట్టి అంచుదాకా నీళ్ళు నింపండి. చేతిని కావలసినంత లోతుకు ముంచి తీయండి. బేసిన్‌లోకి పొర్లిన నీళ్ళెంతో ప్లాస్టర్ జారు, అంటే నీళ్ళలో కలిపిన ప్లాస్టర్, అంత కావాలి. డబ్బాలో మిగిలిన నీళ్ళెంతో ఆల్జినేట్ పిండి అంత కావాలి. మిగిలినది లీటరున్నర అయితే 1.3 లీటర్ల నీళ్ళకు 430 గ్రాముల పొడి చాలు. ఇది ప్యాకెట్ మీద చెప్పిన కొలతకన్నా కొంచెం పలుచనే. చేతి పనికి ఆ జారుదనం అవసరం.

చెయ్యి డబ్బా గోడలకు గానీ అడుక్కు గానీ తగలకూడదు, చుట్టూ రెండు వేళ్ళ మందం ఎడం ఉండాలి. ఖాళీ డబ్బాలో భంగిమ మూడుసార్లు సాధన చేయించండి. వేళ్ళు విడివిడిగా చాపిన చెయ్యి చూడ్డానికి బాగుంటుంది, కానీ పోతలో ముందు విరిగేది అదే. ఒకదానికొకటి ఆనుకున్న వేళ్ళు గట్టిగా నిలుస్తాయి. చెయ్యి వణికే పెద్దవాళ్ళకు మోచేతి కింద దిండు పెట్టండి, లేదా మనవరాలి చేతిని పట్టుకోమనండి. పట్టుకున్న చెయ్యి వణకదు. అలాంటి జంట చేతులకు ఐదు లీటర్ల బకెట్టూ, కిలోకు తగ్గకుండా పొడీ కావాలి.

నగల విషయం ముందే మాట్లాడుకోండి. ఉంగరాలు తీయాలి, వాటి సందుల్లో పిండి ఇరుక్కుని అచ్చు చిరుగుతుంది. గాజులు తీయడానికి ఇష్టపడని పెద్దవాళ్ళను బలవంతపెట్టకండి. గాజులను పైకి జరిపి, అచ్చు మణికట్టు దగ్గరే ఆపేస్తే సరిపోతుంది.

5. చేతి అచ్చు తీయడం

మొదట చేతి మీది వెంట్రుకలకు వ్యాసలీన్ పలుచగా రాయండి. అరచేతికి ఏమీ రాయకండి. నూనె పొర గీతలను పూడ్చేస్తుంది.

మాస్కు పెట్టుకొని, చల్లటి నీళ్ళలో పొడి అంతా ఒక్కసారిగా వేసి వేగంగా కలపండి. అట్ల పిండి కన్నా కొంచెం జారుగా, ఉండలు లేకుండా రావాలి. నలభై ఐదు సెకన్లకు మించి కలపకండి. కొన్ని ఉండలు మిగిలినా ఫరవాలేదు, సమయం మిగలాలి.

పిండిలో ఒక గరిటెడు తీసి ముందుగా వేలి సందుల్లో, గోళ్ళ కింద, అరచేతి గీతల్లో మీ వేళ్ళతో రుద్దండి. తరువాతే చెయ్యి మెల్లగా దించమనండి. దిగిన తరువాత పియానో మీద వాయించినట్లు వేళ్ళు రెండుసార్లు ఆడించమని, ఆ తరువాత సాధన చేసిన భంగిమలో ఆగిపొమ్మని చెప్పండి. డబ్బా పక్కల అరచేత్తో తట్టండి.

పైభాగం అంటుకోకుండా బిగిశాక ఇంకో నిమిషం ఆగండి. ఆ తరువాత వేళ్ళు లోపల కొద్దికొద్దిగా కదిలిస్తే మణికట్టు పక్క నుంచి గాలి చొరబడి చప్పుడు వస్తుంది. అప్పుడు చెయ్యి దానంతటదే వదులవుతుంది. గాలి వెళ్ళకముందే లాగితే వేలి అచ్చులు చిరుగుతాయి.

చెయ్యి బయటికి రాగానే బొటనవేలు ఏ పక్కన ఉందో, వేళ్ళు ఎటు వంగాయో డబ్బా మీద మార్కరుతో గీయండి. అచ్చు విప్పేటప్పుడు ఆ గీతలే దారి చూపిస్తాయి.

6. పోత పోయడం

ఆల్జినేట్ నీరు కోల్పోతూ క్రమంగా కుంచించుకుపోతుంది. వేసవిలో ఫ్యాను కింద అరగంట వదిలితే అంచులు ముడుచుకోవడం కంటికే కనబడుతుంది. కాబట్టి చెయ్యి కడుక్కునేలోపే పోత మొదలుపెట్టడం మంచిది. వీలు కాకపోతే డబ్బా మీద తడిబట్ట కప్పండి, గంట దాటనీయకండి.

అచ్చులో మామూలు నీళ్ళు పోసి తొలిపి, తలకిందులు చేసి పూర్తిగా వంపండి. వేలి కొసల్లో నీటి బొట్టు నిలిస్తే అక్కడ ప్లాస్టర్ సుద్దముక్కలా మెత్తగా మిగులుతుంది.

ప్లాస్టర్ కలిపే తీరు ఆల్జినేట్‌కు పూర్తిగా వ్యతిరేకం. కిలో ప్లాస్టర్‌కు 700 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకొని, పొడిని గుప్పెడు గుప్పెడుగా నీళ్ళ మీద చల్లుతూ పోండి. పొడి నీళ్ళ పైన చిన్న దిబ్బల్లా నిలిచేదాకా చల్లి, రెండు నిమిషాలు నాననిచ్చి, బుడగలు రాకుండా అడుగు నుంచి మెల్లగా కలపండి. ఈ కొలతకు లీటరుకు కొంచెం పైగా జారు వస్తుంది.

మొదట అర కప్పు మాత్రమే పోసి, డబ్బాను అటూ ఇటూ వంచుతూ ఆ జారు ప్రతి వేలి కొసకూ వెళ్ళేలా తిప్పండి. వెనక్కి వంపి మళ్ళీ పోయండి. ఇప్పుడు మిగతాది సన్నని ధారగా, ఒకే పక్క నుంచి నింపండి. విడిగా నిలబడే వేలు ఉంటే అల్యూమినియం తీగ ముక్కను దాని మధ్యలోకి దించండి. ఇనుప తీగ వద్దు, ఏడాదిలో తుప్పు మరక బయటికి వస్తుంది. నింపాక డబ్బాను బల్ల మీద పది పదిహేనుసార్లు తట్టండి.

డబ్బా వేడెక్కుతుంది, తరువాత చల్లబడుతుంది. పూర్తిగా చల్లబడేదాకా, సుమారు గంటసేపు, దాన్ని కదపవద్దు.

విప్పడం మణికట్టు వైపు నుంచి మొదలుపెట్టండి. డబ్బాను కత్తెరతో కోసేసి, ఆల్జినేట్‌ను చేత్తో ముక్కలుగా తుంచండి. వేళ్ళ దగ్గర కత్తి వాడకండి, ఐస్‌క్రీం పుల్ల చాలు.

7. తరచు వచ్చే దోషాలు

పులిపిరుల్లా గుండ్రటి మొటిమలు: ఆల్జినేట్‌లో బుడగల గుర్తులు. పోత తడిగా ఉండగానే బ్లేడు మొనతో తీసేయండి, ఆరాక ఉప్పు కాగితం తగిలించండి. ఉప్పు కాగితం చర్మపు గీతల మీద నడిపితే మాత్రం శిల్పం సబ్బుబిళ్ళ అవుతుంది.

వేలి కొస లేకపోవడం: గాలి ఇరుక్కుంది. ప్లాస్టర్ జారును కుంచెతో పొరలు పొరలుగా పెట్టి గోరును చెక్కుకోవచ్చు. తడిపోతకే తడిప్లాస్టర్ పట్టుతుంది; ఎండిపోతే ముందు నీళ్ళలో నానబెట్టండి.

విరిగిన వేలు: రెండు ముక్కల్లోనూ సన్నని రంధ్రం తొలిచి, అల్యూమినియం తీగ దించి, రెండు వైపులా తడిపి ప్లాస్టర్ జారుతో అతికించండి. నా లెక్కలో చూపుడువేలు విరగని మొదటి పోత ఉండదు.

8. ముఖం

ఈ పనికి ఇద్దరు ఉండాలి: ఒకరు పూయడానికి, ఒకరు ముక్కు పుటాలను మాత్రమే కనిపెట్టుకొని ఉండడానికి. ఆ రెండో మనిషికి ఇంకే పనీ చెప్పకండి, ఫోనూ ఇవ్వకండి.

ముక్కులో స్ట్రాలు పెట్టే పద్ధతి వద్దు. అవి పుటాలను సాగదీసి ముక్కు ఆకారాన్ని మారుస్తాయి, తగిలితే గాయం చేస్తాయి. పుటాల చుట్టూ పిండిని ఆపి, రంధ్రాలను తెరిచి ఉంచడమే సరైన పద్ధతి.

కూర్చునేవారితో ముందే చెప్పవలసినవి:

- కాంటాక్టు లెన్సులు, ముక్కుపుడక, కమ్మలు తీయాలి
- బొటనవేలు పైకి ఎత్తితే అంతా బాగుంది, చెయ్యి పైకి ఎత్తితే వెంటనే తీసేయాలి
- ఏ క్షణంలోనైనా తల ముందుకు వంచి తమ చేత్తోనే ఊడదీసుకోవచ్చు
- కళ్ళు ముందే మూసుకొని, చివరిదాకా తెరవకూడదు

ఈ మూడో మాటను ఒకసారి చేసి చూపించండి. మీ మోచేతికి కొంత పిండి పూసుకొని, బిగిశాక వాళ్ళచేతే లాగించండి. దానితో సగం భయం పోతుంది.

వెల్లకిలా పడుకోబెట్టకండి. పడుకుంటే బుగ్గలు చెవుల వైపు జారి ముఖం వెడల్పవుతుంది. కుర్చీలో నిటారుగా, తల గోడకు పెట్టిన దిండుకు ఆనేలా కూర్చోబెట్టండి. జుట్టుకు షవర్ క్యాప్ తొడగండి. కనుబొమలకు, రెప్పవెంట్రుకలకు, మీసానికి, గడ్డానికి వ్యాసలీన్ దట్టంగా పెట్టండి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

బ్యాండేజీలను ముందే జానెడు ముక్కలుగా కత్తిరించి పొడి చేతులతో పేర్చుకోండి. ఆల్జినేట్ ఈసారి గడ్డపెరుగులా చిక్కగా కలపాలి. నుదుటి మీద మొదలుపెట్టి కిందికి దించుతూ రండి: కళ్ళ గుంటలు, బుగ్గలు, గడ్డం, పెదవులు. ముక్కు చివరిది. అంతసేపూ మాట్లాడుతూనే ఉండండి; ఇప్పుడు కుడి కన్ను, ఇప్పుడు పెదవి అని చెబుతుంటే లోపలి మనిషికి ధైర్యం.

పిండి ఇంకా తడిగా ఉండగానే దాని మీద దూదిపింజలు పలుచగా అద్దండి. పైన పడే బ్యాండేజీకి అదే పట్టు. బిగిశాక బ్యాండేజీ ముక్కలను మామూలు నీళ్ళలో ముంచి, నీళ్ళు పిండేసి, నాలుగు పొరలు పరచండి. వేడినీళ్ళు వాడితే బ్యాండేజీ కూడా వేడెక్కుతుంది. అంచులు చర్మం మీదికి రానీయకండి. ఏడెనిమిది నిమిషాల్లో తొడుగు తట్టితే టకటకమంటుంది. అప్పుడు తల ముందుకు వంచి, ముఖం చిట్లించమనండి. బుగ్గలు, నుదురు కదిలిస్తే అచ్చు దానంతటదే మీ చేతుల్లోకి జారుతుంది.

పోతకు ముందు ముక్కు రంధ్రాలను బయటి వైపు నుంచి బంకమట్టితో మూయండి. ఇసుక నింపిన బేసిన్‌లో అచ్చును కుదురుగా పెట్టి, మొదటి పొరను కుంచెతో పలుచగా పూయండి. అది చిక్కబడ్డాక, ప్లాస్టర్‌లో ముంచిన కొబ్బరి పీచుతో రెండు సెంటీమీటర్ల మందం వచ్చేదాకా కట్టండి. గోడకు తగిలించే తీగ కొక్కెం వెనక పీచులోనే ఇరికించండి.

వచ్చిన ముఖాన్ని చూసి ఇంట్లోవాళ్ళు కొందరు నొచ్చుకుంటారు, చనిపోయినవారి ముఖంలా ఉందంటారు. వాళ్ళు అన్నదాంట్లో అబద్ధం లేదు. కళ్ళు మూసి ఉంటాయి, పిండి బరువుకు బుగ్గలు కిందికి లాగుతాయి, భయంతో పెదవులు బిగుస్తాయి. పిండి పలుచగా పూయడం, పెదవి చివరలను కొద్దిగా పైకి ఎత్తి ఉంచమనడం కొంత సాయం చేస్తాయి. మిగతాది చెక్కుడు పనే: పెదవి మూలలను ఒక నూలుమందం ఎత్తడం, రెప్పల గీతను లోతు చేయడం. కళ్ళు తెరిపించాలంటే ఫోటోలు ముందు పెట్టుకొని రెప్పలను కొత్తగా చెక్కాలి, దానికి అచ్చు పనితో సంబంధం లేదు.

9. కడగడం, ఆరబెట్టడం

ప్లాస్టర్ గిన్నెలను సింకులో కడగవద్దు. ప్లాస్టర్ నీటి అడుగున కూడా గడ్డకడుతుంది, గొట్టం పగలగొట్టవలసి వస్తుంది. బకెట్టులో కడిగి, రాత్రంతా తేరనిచ్చి, పై నీళ్ళు మట్టిలో పోసి, అడుగు ముద్దను చెత్తలో వేయండి.

పోతను నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టండి. పొయ్యి పక్కనా, రోహిణీ కార్తె ఎండలో డాబా మీదా వద్దు. అంత వేడికి ప్లాస్టర్ పైపొర మళ్ళీ పొడిబారి రాలుతుంది. ఆల్జినేట్ అచ్చు ఒక్క పోతకే వస్తుంది కాబట్టి, ప్రతులు కావాలన్నా కంచులోకి, ఫైబర్‌లోకి మార్చాలన్నా ఈ పోతనే ఆధారంగా రబ్బరు అచ్చు తీయించాలి. తెనాలి శిల్పులకు ఇది రోజువారీ పని.

రంగు గానీ వార్నిష్ గానీ వేసే ముందు పూర్తిగా ఆరిందో లేదో తూకమే చెబుతుంది, చేతి స్పర్శ మోసం చేస్తుంది. కిలో ప్లాస్టర్ తనలో కలుపుకునేది సుమారు 186 గ్రాముల నీటినే. మీరు పోసిన 700లో మిగతా అరకిలో గాలిలోకి పోవలసిందే. రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. అమ్మమ్మ చేయి రెండో ప్రయత్నంలో కుదిరింది. విప్పిన రోజు 560 గ్రాములు తూగింది, తొమ్మిదో రోజున 395, పదో రోజునా 395. పదకొండో రోజు పొద్దున వార్నిష్ కుంచె తీశాను.